బిడ్డ చదువుపై తగవు: మధ్యవర్తి చేయగలిగినది

వెన్న శాతం తక్కువ వేశారని సభ్యుడంటాడు, పరీక్ష సరిగానే చేశామని కార్యదర్శి అంటాడు. ఇద్దరినీ కూర్చోబెట్టే మూడో మనిషి విలువ మన సంఘాలకు తెలుసు. పిల్లల చదువు విషయంలో ఇటువంటి పద్ధతిని ఇంగ్లండులో 2014 నాటి చట్టంలోనే చేర్చారు.

మాట సరిగా రాని, వినికిడి లోపం గల, నేర్చుకోవడంలో ఎక్కువ తోడ్పాటు కావలసిన పిల్లలకు అక్కడి స్థానిక కౌన్సిలు విద్య, ఆరోగ్యం, సంరక్షణ కలిపి ఒక ప్రణాళిక రాసి ఇస్తుంది. ఇవ్వబోమన్నా, ఇచ్చినదానిలో సాయం చాలకపోయినా తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే ముందుగా మధ్యవర్తిత్వ సలహాదారుతో మాట్లాడి ధ్రువపత్రం పొందాలి. తగవు బడి పేరు గురించి మాత్రమే అయితే అదీ అక్కరలేదు. సలహాదారుతో మాట్లాడాలే గాని, రాజీకి కూర్చోవాలన్న నిర్బంధం లేదు.

కూర్చుంటామంటే కౌన్సిలు 30 రోజులలోగా సమావేశం ఏర్పాటు చేయాలి. కౌన్సిలు తరఫున వచ్చేవారికి విషయం తేల్చే అధికారం ఉండాలి. మా దృష్టిలో కీలకం ఇదే. 'పైవారిని అడిగి చెబుతాం' అనే మనిషి వస్తే ఆ పూట వృథా. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ప్రణాళికలో 'అవసరమైనప్పుడు మాటల శిక్షణ' అని ఉంటే, వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎవరు ఇస్తారు అన్నది ఇరుపక్షాలే తేల్చుకోవాలి. కుదిరినది రాసుకుంటారు.

కుదరకపోయినా అప్పీలు హక్కు పోదు. కౌన్సిలు నిర్ణయాన్ని పంపిన తేదీ నుండి 2 నెలలు, ధ్రువపత్రం తేదీ నుండి 1 నెల, ఈ రెండింటిలో ఏది తరువాత వస్తే అదే గడువు. అక్కడ మనవలున్న సభ్యులు ఈ సంగతి వారికి రాయవచ్చు: లెక్క ఉత్తరం చేతికందిన రోజు నుండి కాదు, పంపిన రోజు నుండి.