మాయ పెట్టెలో లేదు... ముఖంలో ఉంది!

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. రిమోటు నొక్కుతూ పోతుంటే ఏదో చానల్లో 'మాయాబజార్'. అంతే... రిమోటు పక్కకు వెళ్లిపోతుంది. లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే తాతయ్యా మనవడూ ఒకేసారి నవ్వుతారు. ఆ వెంటనే తాతయ్య తప్పకుండా అనే మాట ఒకటుంది. 'కంప్యూటర్లు లేని ఆ రోజుల్లోనే ఎంత బాగా తీశారో చూశావా!'

నిజమే. కానీ ఆ మెచ్చుకోలులోనే చిన్న అన్యాయం ఉంది. 'ఆ రోజుల్లోనే' అన్నామంటే ఈ రోజులకు ఆ సినిమా చాలదని ఒప్పుకున్నట్టే కదా! 1957 మార్చి 27న విడుదలైన సినిమాను ఇన్నేళ్లుగా నిలబెట్టింది ట్రిక్ షాట్లేనా? అదే అయితే కొత్త గ్రాఫిక్స్ రాగానే అది పాతబడిపోవాలి. పోలేదే!

ఎవరి మనసు వారిది

ప్రియదర్శిని పెట్టెనే తీసుకోండి. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి ప్రియశిష్యుడు దుర్యోధనుడు, రేవతికి మణిమాణిక్యాలు. మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన మాయ ఇందులో కొంతే. అసలు మాయ పింగళి నాగేంద్రరావు రాతలో ఉంది. రేపు పెళ్లి దగ్గర ఎవరు ఎటు మొగ్గుతారో ఆ పెట్టె ముందే చెప్పేస్తుంది. పాండవులు ఒక్కసారి కూడా తెరమీదకు రాని పాండవుల ఇంటి కథ ఇది. అయినా ఆ లోటు తెలియదు. మనుషుల మనసులతోనే దర్శకుడు కేవీ రెడ్డి తెర నింపేశారు మరి.

సావిత్రిలో రంగారావు

ఇక సినిమాలోకెల్లా పెద్ద మాయ దగ్గరికొద్దాం. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాలుస్తాడు. ఆ రూపంలో ఉన్నంతసేపూ ఎస్వీ రంగారావు తెరమీద ఉండరు. సావిత్రి ఉంటుంది. కానీ ఆ నడక ఎవరిది? ఆ కనుబొమల విరుపు, మీసం లేని ముఖంలో మీసమున్న ఆ దర్పం ఎవరివి? పెళ్లి ముచ్చటతో ఆడిపాడే పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు వినిపిస్తే మనం ఉలిక్కిపడం. ఆ అమ్మాయి లోపల రాక్షసుడున్నాడని అప్పటికే నమ్మేశాం. పీటల దగ్గర ఆమె కాలు తొక్కితే లక్ష్మణకుమారుడిగా రేలంగి పడే బాధ ఆ నమ్మకాన్ని రెట్టింపు చేస్తుంది. ఇందులో ట్రిక్ ఎక్కడుంది? ఇద్దరు నటులు ఉన్నారంతే.

ముఖం లేని హీరో

ఇప్పుడు అరవయ్యేళ్లు కాకపోయినా యాభై అయిదేళ్లు ముందుకు రండి. 2012 జులైలో వచ్చిన రాజమౌళి 'ఈగ'. ఇక్కడ కంప్యూటర్లకు కొదవలేదు. ప్రత్యేక ఎఫెక్టులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. అయితే కథానాయకుడు నాని కాసేపటికే చనిపోయి ఈగగా పుడతాడు. ఆ ఈగ మాట్లాడదు, నవ్వదు, ఏడవదు. మరి దాని పగ మనదెలా అయింది?

సుదీప్ ముఖం చూడండి. షూటింగులో ఆయన ఎదుట ఈగ లేదు. ఉత్త గాలే. ఆ గాలిని చూసి చిరాకుపడ్డాడు, నిద్ర మానుకున్నాడు, చివరికి భయపడ్డాడు. ఆ భయమే ఈగకు ప్రాణం పోసింది. కన్నీటి తడితో టేబుల్ మీద తానెవరో రాసి ఈగ చెప్పుకున్నప్పుడు సమంత కళ్లు దాన్ని మనిషిని చేశాయి.

లోపం లేదా అంటే ఉంది. ద్వితీయార్ధంలో మాంత్రికుణ్ని దించడం అనవసరమనిపిస్తుంది. చిటికెడు ప్రాణి కొండంత మనిషిని తెలివితో ముప్పుతిప్పలు పెట్టడమే ఈ కథ అందం. మంత్రాలు రాగానే ఆ పోటీ కాసేపు పలచబడుతుంది.

రంగులొచ్చినా...

2010లో 'మాయాబజార్'కు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. నగలు మెరిశాయి, పట్టుచీరలు కళకళలాడాయి. కానీ పడవపాటలో బార్ట్లే నలుపు తెలుపుల్లో కురిపించిన వెన్నెల చల్లదనం రంగుల్లో కాస్త తగ్గింది. నవ్వులు మాత్రం పాతచోటే వచ్చాయి... సావిత్రి దగ్గర, రేలంగి దగ్గర.

ఈసారి పిల్లలతో కలిసి ఏ గ్రాఫిక్స్ సినిమాకు వెళ్లినా ఒక చిన్న పని చేయండి. మాయ జరుగుతున్నవైపు కాకుండా, దాన్ని చూస్తున్న మనిషి ముఖం వైపు చూడండి. ఆ ముఖం నమ్మితే మనమూ నమ్ముతాం. లేకపోతే ఎన్ని కోట్లు గుమ్మరించినా అది ఉత్త బొమ్మే. అప్పుడు తాతయ్య మాటను కూడా కొంచెం మార్చుకోవచ్చు. 'ఆ రోజుల్లోనే' కాదు... 'ఏ రోజుల్లోనైనా' అని!