జాతీయ భద్రతా మండలి

రాజ్యపాలనలో తుది నిర్ణయం ఒక్కరిదే అయినా, దానికి ముందు జరిగే ఆలోచన పలువురిది కావాలని ప్రాచీన రాజనీతిజ్ఞులు భావించారు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో మంత్రాలోచనకు ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. ఆధునిక కాలంలో ఇటువంటి ఆలోచనా సభకు చట్టరూపం కల్పించిన దేశాలలో అమెరికా ప్రముఖమైనది. అక్కడి జాతీయ భద్రతా మండలి దేశ రక్షణ, విదేశాంగ విషయాలలో అధ్యక్షునికి సలహాలనిస్తుంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా పదాతిదళం, నౌకాదళం వేర్వేరు శాఖల కింద పనిచేసేవి. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌పై జపాన్ జరిపిన ఆకస్మిక దాడి, శాఖల మధ్య సమన్వయం కొరవడితే కలిగే అనర్థాన్ని కళ్లకు కట్టింది. యుద్ధానంతరం 1947 జూలై 26న అధ్యక్షుడు హారీ ట్రూమన్ జాతీయ భద్రతా చట్టంపై సంతకం చేశాడు. ఆ చట్టం ద్వారానే ఈ మండలి ఆవిర్భవించింది.

మండలికి అధ్యక్షుడే నాయకత్వం వహిస్తాడు. ఉపాధ్యక్షుడు, విదేశాంగ మంత్రి, రక్షణ మంత్రి మొదలైనవారు సభ్యులు. సైనిక, గూఢచార విభాగాల ఉన్నతాధికారులు సలహాదారులుగా పాల్గొంటారు. 1953లో ఐసెన్‌హోవర్ కాలంలో జాతీయ భద్రతా సలహాదారు పదవి ఏర్పడింది.

మండలి సలహాకు గల విలువ 1962 అక్టోబరులో లోకానికి వెల్లడైంది. క్యూబాలో సోవియట్ యూనియన్ అణు క్షిపణులను నెలకొల్పుతున్నట్లు ఛాయాచిత్రాల ద్వారా తెలిసింది. అధ్యక్షుడు కెనెడీ మండలి సభ్యులతోను, మరికొందరు అనుభవజ్ఞులతోను సమాలోచనలు సాగించాడు. వెంటనే వైమానిక దాడి చేయాలని కొందరు వాదించగా, అది అణుయుద్ధానికి దారితీయవచ్చునని మరికొందరు హెచ్చరించారు. తాను ఎదుట ఉంటే సభ్యులు మనసు విప్పి మాట్లాడరేమోనని కెనెడీ కొన్ని సమావేశాలకు దూరంగా ఉన్నాడు. చివరకు నౌకాదళంతో క్యూబాను దిగ్బంధించే మార్గాన్ని ఎంచుకున్నాడు. రహస్య సంప్రదింపుల అనంతరం అక్టోబరు 28న క్షిపణుల ఉపసంహరణకు సోవియట్ నాయకుడు కృశ్చేవ్ అంగీకరించాడు. ప్రపంచం పెనుముప్పు నుండి బయటపడింది.

అయితే సలహా చెప్పవలసినవారే కార్యరంగంలోకి దిగితే ప్రమాదం తప్పదు. రీగన్ పాలనలో మండలి సిబ్బందిలో కొందరు, ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు విక్రయించి, వచ్చిన ధనంలో కొంత నికరాగువాలోని తిరుగుబాటుదారులకు మళ్లించారు. 1986లో ఈ ఉదంతం బయటపడినప్పుడు దేశమంతటా అలజడి చెలరేగింది. ప్రజాప్రతినిధుల కంటపడకుండా సాగే అధికారం ఎంతటి అనర్థం తెచ్చిపెడుతుందో దానివల్ల తెలిసివచ్చింది.

భారతదేశంలో 1998లో ప్రధానమంత్రి అధ్యక్షతన జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఏ దేశంలోనైనా మండలి కేవలం ఉన్నంత మాత్రాన భద్రత చేకూరదు. అప్రియమైన సత్యాన్ని నిర్భయంగా చెప్పే సలహాదారు, దానిని ఓర్పుతో వినే పాలకుడు, ఆ ఇద్దరినీ ప్రశ్నించగల ప్రజాస్వామ్యం ఉన్నప్పుడే దేశం సురక్షితంగా ఉంటుంది.