మతం వెనుక పట్టా

మతోన్మాదాన్ని అజ్ఞానం ఖాతాలో రాసి ఊరుకోవడం మన విమర్శకు అలవాటు. అందులో భూమి లెక్క కూడా ఉంటుందని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్ర చెబుతుంది.

నిజాం రాజ్యంలో ఇత్తెహాదుల్ ముసల్మీన్ 'అనల్ మాలిక్' నినాదాన్ని ప్రచారం చేసింది. నేనే యజమానినని దాని అర్థం. జట్కా తోలేవాడికీ, పేద రైతుకూ ఆ నినాదం పాలకుణ్ణనే భ్రమనిచ్చింది; గుంట భూమి ఇవ్వలేదు. మరి భూమి ఎవరిది? సుందరయ్య ఇచ్చిన లెక్క ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా 50 వేల ఎకరాలు. మహబూబ్‌నగర్ వైపు గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాధీశులు కూడా హిందువులే. నిజాంకు పేష్కష్ చెల్లించి ఏలుకున్నారు. దోపిడీ పంపకంలో పైవాళ్ళకు మతభేదం అడ్డురాలేదు.

కిందివాళ్ళకు మతం రక్షణా ఇవ్వలేదు. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో బందగీ అనే ముస్లిం రైతు తన భూమి కోసం విసునూరు దొరతో కోర్టులో తలపడ్డాడు. 1940ల ఆరంభంలో దొర మనుషులు అతన్ని చంపారు. అదే దొర గూండాల తూటాకు 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య బలయ్యాడు. బందగీని ఏలికల మతం కాపాడలేదు, కొమురయ్యను దొర మతం కాపాడలేదు. ఆ తర్వాత సంఘం ఊళ్ళపై కాశిం రజ్వీ రజాకార్లు దాడులు చేసినప్పుడు హిందూ దేశ్‌ముఖులు వారితో చేతులు కలిపారు. వెట్టినీ బేదఖలునూ ఎదిరించే రైతులు ఒకటి కాకుండా చూడటమే ఇద్దరి అవసరం.

మూల్యం చెల్లించిందెవరు? 1948 సెప్టెంబరు సైనిక చర్య నాటి హింసలో తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది మరణించారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ ఒకటి. ఆ నినాదాన్ని ఎన్నడూ పలకనివారూ చనిపోయారు. నిజాం మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. ఏటా 50 లక్షల రాజభరణం అందుకున్నాడు. 1949లో రద్దయిన జాగీర్లకు నష్టపరిహారం దక్కింది. సైన్యం వెంట దొరలు తిరిగి గడీలకు చేరారు.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మాభూమి' నాటకంలో బందగీని రైతువీరుడిగా నిలబెట్టారు. మతావేశాలు పేట్రేగిన ఏడాది అది. ఇవాళ ఏ మతం పేరిట జరిగిన అల్లర్ల గురించి రాసే రచయితైనా దుండగుడి నినాదంతో ఆగరాదు. ఆ ఊళ్ళో పట్టా ఎవరి పేర ఉందో, బాకీ ఎవరి నెత్తిన ఉందో కూడా కథలోకి రావాలి.