తెర బిగుసుకుపోతే తప్పెవరిది?

వాడి కబీర్ (మస్కట్): రువీ దాటి కాస్త లోపలికొస్తే వాడి కబీర్. అరబ్బీలో పెద్ద లోయ అని అర్థం. ఇప్పుడక్కడ కార్ల షోరూమ్‌లు, గ్యారేజీలు, స్పేర్‌పార్టుల దుకాణాలే ఎక్కువ. ఇలాంటి దుకాణాలకు బిల్లింగ్, స్టాకు ప్రోగ్రాములు రాసిపెట్టే మాబోటి వాళ్లకు తరచూ వినబడే మాట ఒకటుంది: "భాయ్, సిస్టమ్ హ్యాంగ్ హోగయా!"

నిజానికి చాలాసార్లు సిస్టమ్‌కేమీ కాదు. ప్రోగ్రాము తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. పిలిస్తే పలకదు, అంతే!

ఎందుకని? కౌంటర్లో ఒక్కడే మనిషి ఉన్నాడనుకోండి. ఎవరో బ్రేకు ప్యాడ్లు అడిగితే తనే గోడౌన్‌లోకి వెళ్లి వెతుకుతున్నాడు. ఈలోగా వచ్చినవాళ్లు ఎంత పిలిచినా జవాబుండదు. విండోస్ ప్రోగ్రాముదీ అదే కథ. మౌసు నొక్కులు, కీబోర్డు అక్షరాలు, తెరను మళ్లీ గీయమన్న కబుర్లు అన్నీ ఒకే వరసలో నిలబడతాయి. వాటిని అందుకునేది ఒకే థ్రెడ్. దానికే పెద్ద లెక్క అప్పజెబితే వరస కదలదు. 5 సెకన్లు చూసి విండోసే 'నాట్ రెస్పాండింగ్' అని బోర్డు తగిలిస్తుంది.

అది చూసి గుమస్తా ఊరుకుంటాడా? టాస్క్ మేనేజర్ తెరిచి ప్రోగ్రామును కట్టేస్తాడు. ఆయన్ని అనడానికి లేదు.

కానీ నష్టం అక్కడే. ఒమన్‌లో 2021 ఏప్రిల్ 16న 5 శాతం వ్యాట్ మొదలైంది. వేల ఐటెమ్‌లున్న దుకాణంలో పన్ను కలిపి కొత్త ధరలు రాస్తుండగా మధ్యలో కట్టేస్తే సగం పాత ధర, సగం కొత్త ధర. ఏది ఏదో ఎవరు చెప్పాలి?

వీబీ రోజుల్లో అందరికీ తెలిసిన చిట్కా 'డూఈవెంట్స్'. గోడౌన్ నుంచి మధ్యమధ్య పరిగెత్తుకొచ్చి కౌంటర్లో మొహం చూపించి పోవడమన్నమాట. తెర పలుకుతుంది, నిజమే. పలుకుతుంది కాబట్టే అదే బటన్ మళ్లీ నొక్కొచ్చు! 10 రియాళ్ల సరుకు 10 రియాళ్ల 500 బైసాలు కావాల్సింది కాస్తా 11 రియాళ్ల 25 బైసాలై కూర్చుంటుంది. పని మొదలవగానే బటన్‌ను ఆపేస్తే ఈ ముప్పు తప్పుతుంది గానీ, మాకు మాత్రం ఈ చిట్కా మీద గురి తక్కువే.

సరైన దారి, గోడౌన్‌కి వేరే కుర్రాణ్ని పంపడం. 2005లో డాట్‌నెట్ 2.0తో బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్, 2012లో సీ షార్ప్ 5తో అసింక్-అవైట్ వచ్చాయి. అసింక్ అని రాసినంత మాత్రాన లెక్క గోడౌన్‌కి పోదండోయ్! బరువైన లెక్కను 'టాస్క్.రన్'కి అప్పజెప్పాలి. ఆ కుర్రాడు కౌంటరు పుస్తకంలో చెయ్యి పెట్టకూడదు. తెర మీది పెట్టెల్ని తాకే హక్కు వాటిని తయారుచేసిన థ్రెడ్‌దే. కుర్రాడు కబురు పంపాలి, కౌంటరాయన రాసుకోవాలి. అదీ ప్రతి ఐటెమ్‌కీ కాదు, వందకొకటి చాలు. లేదంటే ఆ కబుర్లతోనే వరస నిండిపోతుంది.

10 సెకన్లు దాటితే మనిషి ధ్యాస ఇంకో పని మీదికి పోతుందని జాకబ్ నీల్సన్ 1993లోనే రాశారు. అందుకే ఎన్ని అయ్యాయో అంకె చూపించాలి, పక్కనే 'రద్దు' బటన్ పెట్టాలి. అది నొక్కితే పని ఠక్కున తెగిపోకూడదు. చేతిలోని ఐటెమ్ ముగించి, అప్పటిదాకా మార్చినవన్నీ ట్రాన్సాక్షన్‌తో వెనక్కి తిప్పాలి. అప్పుడు కౌంటరాయన పాత ధరలతోనే ధైర్యంగా బిల్లు కొట్టుకోవచ్చు. ధరల మార్పు మళ్లీ రాత్రి, షట్టర్ దించాక చూసుకోవచ్చు.