ఉప్పుగాలిలో ఒంటి సంరక్షణ

ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొసన తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న తడ, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ తరువాత తిరుపతి జిల్లాలో చేరింది. చెన్నై వైపు సాగే జాతీయ రహదారి, తూర్పున పులికాట్ సరస్సు, పడమట శ్రీసిటీ పారిశ్రామికవాడ అనే మూడింటి నడుమ ఈ మండలపు జీవనం నడుస్తుంది. సరస్సులో నడుములోతు నీటిలో నిలబడి రొయ్యలు పట్టే యానాదులు, పడవల మీద వలలు వేసే మత్స్యకారులు, కర్మాగారాల్లో పూటంతా బూట్లు, చేతితొడుగులు వేసుకొని పనిచేసే యువతీయువకులు, భీమునివారిపాళెం చెక్‌పోస్టు దగ్గర ఎండలో ఆగే లారీ డ్రైవర్లు వేర్వేరు పనులవారే అయినా, వారందరి చర్మం మోసే బరువు మాత్రం ఉప్పు, చెమట, ఆరని తడి అనే మూడింటిదే. కనుక ఇక్కడ ఒంటి శుభ్రత అంటే ఏ సబ్బు కొనాలి, ఏ క్రీము రాయాలి అన్న ప్రశ్న కన్నా ముందు, ఒంటిమీది ఉప్పును ఎప్పుడు కడగాలి, తడిని ఎలా ఆరబెట్టాలి అన్న ప్రశ్న నిలుస్తుంది. ఆ రెండు పనులకూ అయ్యే ఖర్చు చాలా తక్కువ.

చర్మపు అన్నిటికన్నా పై పొరను పెంకుటింటి కప్పుతో పోల్చవచ్చు. మృతకణాలు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకొని ఉంటే, వాటి సందుల్ని కొవ్వు పదార్థాలు మెత్తిన సున్నంలా పూడ్చి, లోపలి నీటిని బయటికి పోకుండా, బయటి సూక్ష్మజీవుల్ని లోపలికి రాకుండా కాపాడుతాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మపు ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ అనే మానం మీద ఏడు తటస్థమైతే చర్మం సుమారు అయిదు దగ్గర ఉంటుంది, మామూలు సబ్బు తొమ్మిది, పది దగ్గర ఉంటుంది. ఒకసారి సబ్బు రుద్దుకుంటే చెదిరిన ఆమ్లగుణం కొన్ని గంటల్లో తిరిగి కుదురుకుంటుంది కాని, రోజుకు మూడు నాలుగుసార్లు ఒళ్ళంతా రుద్దేవారి చర్మానికి ఆ వ్యవధి దొరకదు. కప్పులోని సున్నం కరిగిపోయి, పిక్కల మీద తెల్లటి పొట్టు లేచి, దురద మొదలవుతుంది. ఎక్కువ సబ్బు ఎక్కువ శుభ్రత అన్న నమ్మకం అందుకే పొరపాటు. చంకలు, గజ్జలు, పాదాలు, చేతులు వంటి చోట్లకు రోజూ సబ్బు అవసరం; మిగిలిన ఒంటికి చాలా రోజుల్లో మంచినీళ్ళే సరిపోతాయి.

ఒడిషాలోని చిలికా తరువాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు అయిన పులికాట్‌లో నీటి గుణం ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలకు ఏరుల నీరు చేరినప్పుడు ఉప్పదనం బాగా తగ్గి, వేసవిలో నీరు ఇగిరే కొద్దీ కొన్ని చోట్ల సముద్రాన్ని కూడా మించిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం ఉంటుందని గుర్తుంచుకుంటే, అంతకు మించిన నీటిలో గంటల తరబడి నానిన కాళ్ళు ఒడ్డున ఆరినప్పుడు చర్మం మీద మిగిలేది ఏమిటో ఊహించవచ్చు. ఆ ఉప్పు పలుకులు బట్టకూ ఒంటికీ మధ్య ఇసుకలా ఒరిసి తొడల సందుల్ని, నడుమును పుండు చేస్తాయి. గాలిలోని చెమ్మను పీల్చి చర్మాన్ని సగం తడిగానే ఉంచుతాయి. అందువల్ల సరస్సు నుంచి వచ్చినవారు సబ్బు పట్టుకునే ముందే, ఉప్పు ఆరి గట్టిపడకముందే, రెండు మూడు చెంబుల మంచినీళ్ళు మెడ నుంచి పాదాల దాకా పోసుకోవడం అన్నిటికన్నా విలువైన అలవాటు. రొయ్య తలమీది ముల్లు, చేప రెక్కముల్లు గుచ్చుకున్న చోటును కూడా అప్పుడే సబ్బునీటితో కడగాలి. ఉప్పు కలిసిన వెచ్చని నీటిలో విబ్రియో అనే జాతి బాక్టీరియా సహజంగా బతుకుతుంది. వీటిలో కొన్ని గాయం గుండా లోపలికి చేరితే, ముఖ్యంగా మధుమేహం, కాలేయ వ్యాధి ఉన్నవారిలో, గంటల్లోనే వాపు, జ్వరం, నీటిపొక్కులు వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. అటువంటివారు మానని పుండుతో సరస్సులో దిగకూడదు, గుచ్చుకున్న చోటు చుట్టూ ఎరుపు పాకుతుంటే పసుపు పెట్టి తెల్లవారేదాకా ఆగకూడదు.

తీరప్రాంతపు బోరునీరు చాలాచోట్ల కఠినజలం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగిన నీరు. ఆ లవణాలు సబ్బుతో కలిసి నురగకు బదులు తెట్టు కడతాయి, ఆ తెట్టు బకెట్టు అంచుకు పట్టినట్టే ఒంటికీ పట్టి దురద పుట్టిస్తుంది. నురగ రాలేదని మరింత సబ్బు రుద్దడం వల్ల తెట్టు పెరుగుతుందే తప్ప మురికి పోదు. ఇక్కడే కుంకుడుకాయ గొప్పతనం తెలుస్తుంది. దాని నురగకు కారణమైన సపోనిన్లు అనే పదార్థాలు సబ్బులా కఠినజలంలో తెట్టు కట్టవు, పైగా కుంకుడు రసం కొద్దిగా ఆమ్లగుణం కలది కాబట్టి చర్మపు సహజస్థితికి సబ్బుకన్నా దగ్గరగా ఉంటుంది. సబ్బు నురగరాని నీళ్ళలో కూడా పెద్దలు కుంకుడుకాయలతో తలంటుకోగలిగారంటే అది కేవలం ఆచారబలం కాదు.

సబ్బు కొనక తప్పనివారు పై కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మాటలను చదవడం మంచిది. సబ్బులో అసలు సరుకైన కొవ్వు పదార్థపు శాతాన్ని టీఎఫ్ఎం అంటారు. భారత ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బుల్లో మొదటి గ్రేడుకు అది కనీసం 76, రెండవదానికి 70, మూడవదానికి 60 శాతం ఉండాలి. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉన్నవాటికి 40 శాతం ఉన్నా చాలు. పక్కపక్కన ఒకే ధరకు దొరికే రెండు బిళ్ళల్లో ఒకటి నీటిలో త్వరగా మెత్తబడి కరిగిపోవడానికి తరచు ఈ తేడాయే కారణం. అయితే మొదటి గ్రేడు సబ్బు కూడా క్షారమే. ఎక్కువ కాలం మన్నుతుందని దానిని కొనాలి గాని ఎన్నిసార్లయినా రుద్దుకోవచ్చని కాదు.

తడకు దక్షిణాన ఉన్న తమిళనాట తక్కువ ధర సంరక్షణ వస్తువుల చరిత్రలో రెండు ముఖ్య ఘట్టాలు జరిగాయి. చెన్నైలో రైల్వే వైద్యుడిగా పనిచేసిన వి.పి. సిద్ధన్, చర్మవ్యాధులతో వచ్చే కార్మికుల కోసం మూలికల నూనెతో తయారుచేసిన సబ్బు 1969లో మెడిమిక్స్ పేరుతో బజారుకు వచ్చింది. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూను చిన్న పొట్లాల్లో నింపే పద్ధతికి ఆద్యుడైతే, ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో చిన్నగా మొదలుపెట్టిన వ్యాపారం చిక్ షాంపూ పొట్లాలను పల్లె దుకాణాల దాకా చేర్చింది. సీసా కొనలేని ఇంటికి ఒక్క తలస్నానానికి సరిపడే సరుకును చిల్లర ధరకు అందించిన ఆ ఆలోచన నిజంగా మేలు చేసింది.

నూనె విషయంలో ప్రాచీన వైద్యం, నేటి చర్మశాస్త్రం చాలాదూరం కలిసే నడుస్తాయి. వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యలో రోజూ అభ్యంగనం, అంటే ఒంటికి నూనె పట్టించడం, చెప్పి, ప్రత్యేకించి తల, చెవులు, పాదాలు మరవవద్దంది. స్నానం ముగిసి ఒళ్ళు ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే ఒక చెంచా కొబ్బరినూనెను పిక్కలకు, మోచేతులకు, మడమలకు పులిమితే ఆ చెమ్మ లోపలే నిలిచి పగుళ్ళు తగ్గుతాయి. ఖరీదైన మాయిశ్చరైజర్లు చేసే పనిలో ప్రధానభాగం ఇదే. కాని మే నెల ఉక్కలో నూనె పట్టించుకొని ఎండలోకి పోతే స్వేదరంధ్రాలు మూసుకొని ఒళ్ళు పేలిపోతుంది కాబట్టి, ఆ కాలంలో నూనెను రాత్రికి వాయిదా వేయాలి. సున్నిపిండి వాడే ఇళ్ళకూ ఒక హెచ్చరిక అవసరం. పెసలు, శనగలు, కచ్చూరాలతో పాటు సువాసనకూ మెరుపుకూ వేసే బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. బొల్లికి వైద్యంలో ఎండతో కలిపి వాడే ఈ పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని ఎర్రగా కాల్చి నల్లమచ్చలు మిగల్చగలదు. నీడపట్టున ఉండేవారికి పట్టించుకోవలసినంతది కాకపోయినా, పగలంతా సరస్సు మీద గడిపేవారు బావంచాలు లేని పిండి వాడటమే క్షేమం. ఎండకు ఇక్కడివారి అసలు కవచం తలపాగా, పొడుగు చేతుల నేత చొక్కా. క్రీములు ఆ తరువాతి మాట.

చెమటకు స్వతహాగా వాసన ఉండదు. చంకల్లోని ప్రత్యేక గ్రంథులు విడిచే జిడ్డు చెమటను చర్మం మీది బాక్టీరియా విరగ్గొట్టినప్పుడే వాసన పుడుతుంది, కనుక వాసన మీద అత్తరు చల్లడం కన్నా బాక్టీరియాను తగ్గించడమే సరైన దారి. మంగలి గడ్డం గీసిన తరువాత రుద్దే పటిక ఈ పనిని చవకగా చేస్తుంది. స్నానం కాగానే తడి చంకలో ఒకసారి తిప్పితే చాలు, గీరుకున్న చోట మాత్రం మండుతుంది. పాదాల సంగతి ఇంకా ముఖ్యం. రోజంతా నీటిలో నిలిచినవారికీ, రోజంతా బూట్లలో చెమర్చినవారికీ కాలివేళ్ళ సందులు ఒకే రకంగా నాని, తెల్లబడి, చీలి, శిలీంధ్రాలకు నెలవవుతాయి. వేలికీ వేలికీ మధ్య పొడిగుడ్డ దూర్చి తుడవడం, రెండు జతల మేజోళ్ళను మార్చి మార్చి తొడగడం, బూట్లను రాత్రంతా తెరిచి గాలికి ఉంచడం చాలా చిన్న పనులే అయినా సగం బాధను ఆపుతాయి.

నలుగురైదుగురు ఒకే గదిలో ఉండే కార్మికుల వసతుల్లో రెండు వ్యాధులు ఎక్కువగా చేతులు మారుతాయి. గజ్జి, కంటికి కనబడనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వడం వల్ల వస్తుంది. రాత్రిపూట దురద పెరగడం, వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు రావడం దాని గుర్తులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని 2017లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 5 శాతం పెర్మెత్రిన్ మందును మెడ నుంచి పాదాల దాకా రాత్రి పూసి ఉదయం కడిగి, వారం తరువాత మళ్ళీ పూయాలి. గదిలోని అందరూ, దురద లేనివారితో సహా, ఒకే రోజున పూసుకోకపోతే మందు డబ్బంతా వృథా. ఒంటిని విడిచిన ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు కాబట్టి, ఉతకడానికి వీలులేని దుప్పట్లను ప్లాస్టిక్ సంచిలో బిగించి నాలుగు రోజులు పక్కన పెడితే వేరే ఖర్చు అక్కరలేదు.

రెండవది తామర. ఇది శిలీంధ్రవ్యాధి. దీనికి మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీముల్లో స్టీరాయిడ్ ఉండటం వల్ల దురద రెండు రోజుల్లో తగ్గి, శిలీంధ్రం మాత్రం చర్మపు రక్షణ సన్నగిల్లడంతో మరింతగా పాకుతుంది. కొన్ని నెలల వాడకంలో తొడల చర్మం పలచబడి చారలు తేలుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టీరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ తప్పనిసరి అయిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చినా, అడిగేవారికి ఆ ప్రమాదం తెలియనంతకాలం నిబంధన ఒక్కటే కాపాడలేదు. సాధారణ మందులకు లొంగని, భారతదేశపు పేరుతోనే ట్రైకోఫైటన్ ఇండోటినియే అని 2020లో పిలవబడిన శిలీంధ్రం వ్యాపిస్తున్న కాలంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒకసారి వెళ్ళి చూపించుకోవడం పది ట్యూబులు కొనడం కన్నా చవక. దురద లేని, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనిపిస్తే అది తామర కాదు, కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ వైద్యం పూర్తిగా ఉచితం.

శ్రీసిటీలో పళ్ళు తోముకునే బ్రష్షుల కర్మాగారమూ, నాప్‌కిన్లు, డైపర్లు చేసే జపాన్ సంస్థ యూనిచార్మ్ కర్మాగారమూ ఉన్నాయి. పరిశుభ్రతా వస్తువులు ఇంత దగ్గరలో తయారవుతున్నా అవి ప్రతి ఇంటి స్తోమతకూ అందేవి కావు. జన ఔషధి కేంద్రాల్లో సువిధ నాప్‌కిన్ ధరను 2019 ఆగస్టులో రూపాయికి తగ్గించడం, 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం స్వేచ్ఛ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12 తరగతుల బాలికలకు నెలకు పదేసి నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టడం ఆ లోటును కొంత పూడ్చే ప్రయత్నాలు. గుడ్డ వాడటంలో తప్పేమీ లేదు. సబ్బుతో ఉతికి ఎండలో బాగా ఆరిన నూలుగుడ్డ సురక్షితమే. సిగ్గుతో దానిని మరొక బట్ట కింద, మంచం పట్టెల చాటున ఆరవేయడం వల్ల అది చెమ్మతోనే మళ్ళీ ఒంటికి చేరి దురదకూ పుండ్లకూ దారితీస్తుంది.

ఈ అలవాట్లన్నిటికీ ఆధారం నీరు, చాటు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లను లెక్కకట్టింది; ఒక బకెట్టు స్నానానికి అందులో మూడో వంతుకు మించి పట్టదు. కాని పడవ మీద చేరవలసిన ఇరకం వంటి దీవి పల్లెల్లో మంచినీటి బిందె విలువ వేరు, సరస్సులో పనిచేసి ఉప్పుతో వచ్చిన మనిషికి కావలసిన నీరు కూడా వేరు. తలుపున్న స్నానాలగది లేని ఇంటి స్త్రీ తాటాకుల దడి చాటున చీరతోనే నీళ్ళు పోసుకొని, ఆ తడి చీరమీదే పొడిచీర చుట్టుకొని లోపలిది లాగేస్తుంది. నడుము ముడతలూ తొడల సందులూ తుడుచుకునే వీలు ఆమెకు దొరకదు. అక్కడ మొదలైన ఒరుపు, తామర ఏ సబ్బుకూ తగ్గకపోవడానికి కారణం ఆమె అశ్రద్ధ కాదు, గొళ్ళెం ఉన్న ఒక తలుపు లేకపోవడం.