హాంప్టన్ కోర్ట్: రాజుగారి ఇంట్లో ముందు వంటగది చూడండి

పోయిన ఎపిసోడ్‌లో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌కి వెళ్ళొచ్చానని చెప్పగానే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "దొరికేదే ఒక్క సెలవు. అంత టికెట్ పెట్టి రాజుల మంచాలు చూడాలా అన్నా?"

న్యాయమైన ప్రశ్నే. నేనూ రెండేళ్ళు అలాగే అనుకుని వెళ్ళలేదు. నా పని హౌన్స్‌లో ఏరియాలో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో. తందూర్ ముందు పది గంటలు నిలబడ్డవాడికి ప్యాలెస్ మీద ఏం మనసు పోతుంది? చివరికి రూమ్మేట్ బలవంతం మీద 111 నంబర్ బస్సెక్కాను. అది ప్యాలెస్ దగ్గరే దింపుతుంది. వాటర్‌లూ నుంచి రైలైతే చివరి స్టేషన్లో దిగి వంతెన దాటాలి.

ఈ ప్యాలెస్ నిజానికి రెండు ఇళ్ళు. ముందున్న ఎర్ర ఇటుకల భాగం కార్డినల్ వుల్సీ మొదలుపెట్టింది; తర్వాత ఎనిమిదో హెన్రీ రాజు చేతికొచ్చింది. వెనక భాగం 1689 తర్వాత విలియం, మేరీలు పాతది పడగొట్టించి క్రిస్టఫర్ రెన్ చేత కట్టించుకున్నది. అందరూ రాజుల గదుల వైపు వెళ్తారు. మీరు మాత్రం ముందు హెన్రీ వంటగదులు చూడండి.

అక్కడ రోజుకి రెండు పూటలా 600 మందికి వండేవారు. మనిషి నిలబడేంత పొయ్యిల ముందు కుర్రాళ్ళు మాంసం గుచ్చిన ఇనుప చువ్వలు గంటల తరబడి తిప్పేవారు. ఆ సెగకి బట్టలు విప్పేసేవారేమో, వంటగది కుర్రాళ్ళు ఒంటి మీద బట్టల్లేకుండా తిరగకూడదని 1526లో ఆర్డరే వేశారు! అది వింటే నాకు నా తందూర్ గుర్తొచ్చింది. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే ఒకటే అడిగింది: "ఇంత వంటిల్లు రోజూ ఎవరు కడిగేవారురా?" వాళ్ళ పేర్లు ఆ గోడల మీద నాకు కనిపించలేదు.

తోటలో రెండు వదలొద్దు. ఒకటి 1768లో నాటిన ద్రాక్ష తీగ, ఇప్పటికీ కాస్తోంది. రెండోది దాదాపు 1700 నాటి మేజ్. అంటే ఎత్తైన పొదల మధ్య దారి తప్పించే ఆట. అర మైలు దారిలో మేం మూడుసార్లు ఒకే మూలకి వచ్చాం.

టికెట్ భారమనిపిస్తే పక్కనే హోమ్ పార్క్, రోడ్డు దాటితే బుషీ పార్క్ ఉన్నాయి. రెండూ ఉచితం, రెండింట్లోనూ జింకలుంటాయి. 1911లో అయిదో జార్జి పట్టాభిషేకానికి వచ్చిన భారత సైనికులకి గుడారాలు వేసింది ఆ హోమ్ పార్క్‌లోనే. పంజాబ్ చివరి మహారాజు దులీప్ సింగ్ కూతురు సోఫియా ఈ ప్యాలెస్ ఆవరణ ఇంట్లోనే ఉండేది. 1913లో ప్యాలెస్ బయట నిలబడి, ఆడవాళ్ళకి ఓటు కావాలని పత్రిక అమ్మింది.

కాబట్టి తమ్ముడూ, మంచాల కోసం వద్దు. మనలాంటి వాళ్ళు నిలబడి పనిచేసిన చోటు చూడ్డానికి వెళ్ళు. కొన్ని నెలల్లో సోమ, మంగళవారాలు మూసేస్తారు. మన సెలవులు ఎక్కువగా ఆ రోజులే కదా, బయల్దేరేముందు వెబ్‌సైట్ చూసుకో. తినడానికి పులిహోర కట్టుకెళ్ళు.