ప్రోగ్రాం ముందు, పుస్తకం తర్వాత!

ధర్మపురిలో రాత్రి తొమ్మిదిన్నర. బీటెక్ కుర్రాడొకడు ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, పాత లాప్‌టాప్‌లో ఈమ్యాక్స్ ఎడిటర్‌ని సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేస్తున్నాడనుకోండి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో సగం అప్పటికే రీల్స్‌కి పోయింది. ఇంతలో ఎర్రర్: మేక్‌ఇన్ఫో లేదు! ఎవరో చెప్పారని ఒక ప్యాకేజీ వేస్తాడు, అది ఇంకోటి అడుగుతుంది. అలా లేటెక్ దాకా పోయాడా, గంతే! పూర్తి సెట్టు కొన్ని జీబీలు. డేటా ఖతం, ఈమ్యాక్స్ మాత్రం రాలేదు.

నిజానికి మేక్‌ఇన్ఫోకి ప్రోగ్రాంతో పని లేదు. అది మాన్యువల్ తయారుచేసే పనిముట్టు. మిక్సీతో వచ్చే చిన్న పుస్తకం లేదని పచ్చడి రుబ్బడం మానేస్తామా? ఆ ఎర్రర్‌ని చివరిదాకా చదివితే దారి కూడా అందులోనే ఉంటుంది: కాన్ఫిగర్ కమాండ్ చివర రెండు డాష్‌లు, ఆ పక్కనే వితౌట్-మేక్‌ఇన్ఫో. మాన్యువల్ లేకుండా ఈమ్యాక్స్ వచ్చేస్తుంది. అదీ వద్దంటే రిలీజ్ టార్‌బాల్ దించుకోండి, అందులో మాన్యువల్ ముందే తయారై ఉంటుంది. ఈ తిప్పలన్నీ రిపో నుంచి నేరుగా క్లోన్ చేసినవాళ్లకే.

గిట్ వాళ్లు ఇంకా హుషారు. ఉత్త మేక్ కొడితే డాక్యుమెంట్ల జోలికే పోదు. వాటికి ఆస్కీడాక్, ఎక్స్‌ఎంఎల్‌టూ కావాలి, వేసుకునే ఓపిక చాలామందికి ఉండదని ఇన్‌స్టాల్ ఫైల్‌లో వాళ్లే రాసుకున్నారు. రెడీమేడ్ మ్యాన్ పేజీలు వేరే రిపోలో పెట్టారు. దాన్ని పక్కన క్లోన్ చేసుకుని మేక్ క్విక్-ఇన్‌స్టాల్-మ్యాన్ అంటే సరి.

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు ఆప్ట్ బిల్డ్-డెప్ కొట్టగానే పుస్తకం సామాను కూడా దిగిపోతుంది. మైనస్ పీ, నోడాక్ అని చేర్చి చూడండి. అన్ని ప్యాకేజీలూ వినవు గానీ, విన్నచోట బోలెడు డేటా మిగులుతుంది.

డాక్సిజన్, స్ఫింక్స్, టెక్స్‌ఇన్ఫో, పాన్‌డాక్... ఎర్రర్‌లో ఈ పేర్లుంటే దాదాపుగా అది పుస్తకం గొడవే. కంపైలర్ లేదన్నా, లైబ్రరీ హెడర్ దొరకలేదన్నా మాత్రం తప్పించుకోలేరు, వేసుకోవాల్సిందే.

అలాగని మాన్యువల్ పనికిరాదని కాదు. నెట్ పోయిన రాత్రి మ్యాన్ పేజీయే గురువు. అందుకే ఈ పూట ప్రోగ్రాం కట్టుకోండి. మాన్యువల్ సంగతి కాలేజీ వైఫై దొరికినప్పుడు చూసుకోవచ్చు.